దత్తు చెక్కిన నెక్

మా ఇంటి ముందు గదిలో గోడకి ఒక బేస్ గిటార్ వేలాడుతూ ఉంటుంది. వాయించడం తెలిసినవాళ్ళెవరైనా దాన్ని చేతిలోకి తీసుకుంటే ముందు ఎడమచెయ్యి నెక్ వెనక్కి, అంటే తీగలు నొక్కే పొడుగు కర్ర వెనక్కి, పోతుంది. వెంటనే మొహం మారుతుంది. "ఇదేటి సోములన్నా, నెక్ ఇంత సన్నంగా ఉన్నాది? సిన్నపిల్లల కోసం సేసినారేటి?" అంటారు. నేను గిటార్ లాక్కుని మళ్ళీ గోడకి తగిలించేస్తాను. జవాబు చెప్పబుద్ధి కాదు. అడిగినవాడి మీద కోపం కూడా వస్తుంది. వాడి తప్పేం లేదని నాకు తెలుసు. అయినా వస్తుంది.

ఆ గిటార్ దత్తాత్రేయది. గజపతినగరంలో స్టేషన్‌కి వెళ్ళే దారిలో వాడికో రేకుల షెడ్డుంది. అందులో యాంప్లిఫయర్లు, మైకులు, మిక్సర్లు బాగుచేసేవాడు. బతుకు వాటితో గడిచేది గానీ ప్రాణం మాత్రం బేస్ గిటార్ల మీదే. ఇరవై రెండేళ్ళు ఇద్దరం ఒకే ఆర్కెస్ట్రాలో ఉన్నాం. నేను డ్రమ్స్, వాడు బేస్. మాది వరి, గోగు పండించుకునే ఇల్లు. డ్రమ్ములు నాకెలా అంటుకున్నాయో మా వాళ్ళకి ఇప్పటికీ అర్థం కాదు. దత్తు వాళ్ళది గుళ్ళో సన్నాయి వాయించే కుటుంబం. చుట్టరికం ఏదీ లేకపోయినా మొదటి రోజు నుంచీ బావా అంటే బావా అనుకున్నాం.

బేస్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. నాలుగే తీగలు, లావుపాటివి. పాట వింటున్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. మధ్యలో ఆపేస్తే మాత్రం జనం అటూ ఇటూ చూసుకుంటారు, ఏం పోయిందో తెలియక. డ్రమ్స్ వాయించేవాడికి మాత్రం పక్కనున్న బేస్ వాడి చెయ్యి తన చెయ్యంత తెలుస్తుంది. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

గిటార్ ఎంచుకోవడంలో దత్తుకి ఒక పద్ధతుండేది. విశాఖపట్నంలో పాత వాయిద్యాలు అమ్మే కొట్టుకి వెళ్ళామనుకోండి, కొట్టువాడు తళతళలాడేదొకటి తీసి యాంప్లిఫయర్‌కి తగిలించబోయేవాడు. మావాడు వైరు పీకేసేవాడు. కరెంటు లేకుండా తీగ మీటి, గిటార్ పైకొమ్ము మీద దవడ ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. చూసేవాళ్ళకి పన్ను నొప్పి వచ్చినవాడిలా కనబడేవాడు. నేను సిగ్గుతో బయటికెళ్ళి నిలబడేవాణ్ణి.

"కరెంటు పెడితే దొంగ గిటార్ కూడా మంచిగానే మాటాడతాది బావా. కర్ర ఏటంటాదో ఎముకకి తెలియాలి" అనేవాడు.

అలా దవడ పెట్టి పెట్టి పదిహేనేళ్ళ కిందట రంగు పెచ్చులూడిన ఒక నల్ల బేస్ తెచ్చుకున్నాడు. జపాన్‌లో చేసిందట. నాకైతే పాత బొగ్గు పెట్టెలా కనబడింది. ఆ ముక్క అంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత దాన్ని ఊడదీశాడు. తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతపు చుట్టలుంటాయి, పికప్‌లు. అవి నచ్చలేదు. నీళ్ళ మోటార్లకి వైండింగ్ చేసే గంగులు దగ్గర కూర్చుని, వెంట్రుక కంటే సన్నటి రాగితీగ ఎక్కడో సంపాదించి, చుట్లు లెక్కపెట్టుకుంటూ మళ్ళీ చుట్టాడు. ఒకసారి ఏడువేలు దాటాక తీగ తెగింది. గంగులు నవ్వాడని వాడి మీద స్క్రూడ్రైవర్ విసిరాడు. లోపల శబ్దాన్ని మెత్తబరిచే కెపాసిటర్ ఆరుసార్లు మార్చాడు. మార్చిన ప్రతిసారీ నన్ను పిలిచి వినిపించేవాడు. నాకు ఆరూ ఒకేలా వినపడేవి. ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

"సివరి వరసలో కూకున్న ముసలమ్మ కడుపులో తగలాల బావా. సెవిలో కాదు" అనేవాడు.

తగిలింది. కళింగపట్నం ఒడ్డున ప్రోగ్రాం చేసినప్పుడు, చేపలు ఎండబెట్టే చోట బోర్లించిన పడవల మీద కూర్చున్న ఆడవాళ్ళు మొదటి పాటకే గుండె మీద చెయ్యేసుకుని ఒకరినొకరు చూసుకున్నారు. నేను డ్రమ్ముల వెనక నుంచి చూశాను. దత్తు ఆ రోజు నావైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు. అంత పొగరు వాడిలో మరెప్పుడూ చూడలేదు.

ఇంకో అలవాటుండేది. బాగుచెయ్యడానికి వచ్చిన ఏ గిటారైనా సరే, నాలుగు స్క్రూలు విప్పి నెక్ ఊడదీసి, అది కూర్చునే గాడిలో పెన్సిల్‌తో రాసేవాడు. తేదీ, జబ్బు, కారణం, చేసిన పని. మళ్ళీ నెక్ బిగిస్తే ఆ రాత ఎవరికీ కనబడదు. ఎవడు చూస్తాడురా అని నేను ఎగతాళి చేస్తే, "రేపు ఇంకొకడు ఇప్పినాడనుకో, మనం ఏటి సేసినామో వాడికి తెలియాల కదా" అనేవాడు. శ్రీకాకుళం నుంచి సాలూరు దాకా చర్చిల్లో వాయించే కుర్రాళ్ళ గిటార్లన్నిటి కడుపులో వాడి చేతిరాత ఉంది.

వాడి నాన్న అప్పలనరసింహం గారు సన్నాయిలో స్వరం పలకకపోతే వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని, చిన్న కత్తితో నోటిదగ్గరి పీకని గీకేవారు. గీకి, ఊది, మళ్ళీ గీకేవారు. కొడుక్కి ఒకటే మాట నేర్పారు. "అపస్వరం వస్తే ముందు వాయిద్యం సూడు. తరవాత సెయ్యి సూడు." దత్తు ఆ మాట షాపు గోడ మీద రాసుకోలేదు గానీ, బతికిందంతా దాని మీదే.

కరోనా తర్వాత ప్రోగ్రాములు మళ్ళీ మొదలైన రోజులు. రెండు వేల ఇరవై రెండు, ఫిబ్రవరి. రిహార్సల్లో ఒక స్వరం వెనకబడింది. వెంట్రుకవాసి. వినేవాళ్ళకి తెలియదు, నాకు తెలిసింది. ఎడమచేతి చిటికెన వేలితో నొక్కాల్సిన స్వరం అది. దత్తు కూడా విన్నాడు. వాయించడం ఆపి నెక్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెండేళ్ళు వాడకపోతే కర్ర నీరు పట్టి లావెక్కినట్టున్నాది బావా" అన్నాడు.

కర్ర లావెక్కడమేంటని నాకూ తట్టలేదు. మర్నాడు షాపుకెళ్తే నెక్ బల్ల మీద పడుకోబెట్టి, పగలగొట్టిన సీసా పెంకుతో వెనకవైపు గీకుతున్నాడు. గాజుతో గీకితే ఉల్లిపొర లాంటి తరకలు లేస్తాయి. ఐదుసార్లు గీకడం, గుడ్డతో తుడవడం, కొలత చూడడం. అర మిల్లీమీటరు తీశాడు. సాయంత్రం వాయిస్తే స్వరం పక్కాగా పడింది. "సూసినావా, నెక్‌దే తప్పు" అన్నాడు. నేను తలూపాను.

ఆ నెక్ పట్టుకుని చూసిన కుర్రాళ్ళకి మతిపోయింది. వేలు జారిపోతున్నాదన్నా, మాకూ ఇలగే సెయ్యన్నా అని వెంటపడ్డారు. ఆ ఏడాది నాలుగైదు గిటార్ల నెక్‌లు సన్నం చేశాడు. పేరొచ్చింది. వాడికి పేరు తెచ్చినదేమిటో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

నాలుగు నెలలకి వేలు మళ్ళీ అందలేదు. మళ్ళీ అర మిల్లీమీటరు.

ఆ దసరాల ముందు ఒక పొద్దున్న నేను షాపులో టీ తాగుతున్నాను. ఆశా కార్యకర్త పద్మకుమారి గొడుగు మడుచుకుంటూ లోపలికొచ్చింది. చేతిలో రిజిస్టరుంది. ఇంటింటికీ తిరిగి ఒంటి మీద మచ్చలున్నాయేమో అడుగుతోంది.

"దత్తన్నా, పాలిపోయిన మచ్చలేవైనా ఉన్నాయేటి? గిల్లితే తెలియనివి? సొక్కా ఇప్పి ఒకపాలి సూపించేయన్నా, రాసుకుని ఎల్లిపోతాను."

"నా ఒంటి మీద మచ్చలన్నీ సోల్డరింగ్ కడ్డీ కాల్చినవేనమ్మా. రాసుకోడానికి నీ పుస్తకం సరిపోదు" అన్నాడు వాడు.

నేను పగలబడి నవ్వాను. "వాడికి మచ్చలెందుకుంటాయి, బావ పుట్టుమచ్చ కూడా లేని మారాజు" అని నా వంతు ఎగదోశాను కూడా. పద్మకుమారి నవ్వలేదు. "నవ్వులాట కాదన్నా. తొందరగా తెలిస్తే మాత్రలతో పోతాది" అంది. దత్తు బల్ల మీద వంగిపోయాడు. ఆమె ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

మచ్చ ఉంది. ఎడమ మోచేతి కింద, రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, పాలిపోయి. వాడి భార్య యమున దాన్ని ఏడాది ముందే చూసింది. శోభి అనుకుని మందుల షాపులో మలాం కొని రాసింది. దురద లేదు, నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బని ఎవరనుకుంటారు?

ఆ తర్వాతంతా వాడు గిటార్‌ని మార్చుకుంటూ పోవడమే. లావు తీగలు తీసేసి సన్నవి వేశాడు. శబ్దం పలచబడింది. అది సరిచెయ్యడానికి పికప్‌లు మళ్ళీ చుట్టాడు. తీగలు నెక్‌కి దగ్గరగా దించాడు. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లకి తగిలి గరగరమన్నాయి. మెట్లు అరగదీశాడు. నొక్కే పని తగ్గాలని పాటల శ్రుతులు మార్చమని మా సింగర్ లక్ష్మీకామేశ్వరితో పోట్లాడాడు. ఆమె ఏడ్చింది. ఒక్కొక్క మార్పుకీ రెండు మూడు నెలలు బాగుండేది. అదే మా ప్రాణం తీసింది. ఏ మార్పూ పని చెయ్యకపోయి ఉంటే వాడు ఎప్పుడో ఆగేవాడు.

నేనేం చేశానో చెప్తాను. రెండు వేల ఇరవై మూడు మే నెలలో భోగాపురం దగ్గర అమ్మవారి పండక్కి ప్రోగ్రాం. ఎయిర్‌పోర్టు పనుల లారీల దుమ్ము స్టేజీ మీద దాకా వస్తోంది. మూడో పాటలో దత్తు చిటికెన వేలు అసలు దిగలేదు. స్వరం ఉండాల్సిన చోట ఖాళీ. నేను వెంటనే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము అక్కడ గట్టిగా తొక్కాను. ఖాళీ నిండిపోయింది. జనానికి తెలియలేదు. తర్వాతి పాటలోనూ తొక్కాను. ఆ ఏడాదంతా వాడి వేలు ఎక్కడ తప్పుతుందో ముందే కనిపెట్టి అక్కడ నా కాలు వేశాను. స్నేహమంటే అదేననుకున్నాను. ఒక్కసారి నోరు తెరిచి, ఒరే, నీ సెయ్యి ఎవరికైనా సూపించరా అని ఉంటే! అనలేదు. పైగా ఒకరోజు చిరాకెత్తి, ప్రాక్టీసు సేసి సావచ్చు కదా అని తిట్టాను. వాడు తల దించుకున్నాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మూడు గంటలు సాధన చేసేవాడని యమున చెప్పింది.

రెండు వేల ఇరవై నాలుగు, ఏప్రిల్. పట్టపగలు, పదకొండు గంటలు. షాపులో దత్తు ఎడమచేత్తో చిన్న వైరు పట్టుకుని కుడిచేత్తో సోల్డరింగ్ చేస్తున్నాడు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఏదో రాజకీయం వాగుతున్నాను. కాలిన వాసన వచ్చింది.

"ఏటి కాల్తన్నాది బావా?" అని దత్తు బల్ల కిందా ట్రాన్స్‌ఫార్మర్ మీదా చూశాడు.

కాలుతున్నది వాడి చిటికెన వేలు. సోల్డరింగ్ కడ్డీకి ఆనుకుని ఉంది. నేను కేకపెట్టి చెయ్యి లాగేశాను. చర్మం తెల్లగా లేచిపోయి ఉంది. వాడు నావైపు వింతగా చూశాడు.

"నొప్పి లేదురా?"

"నేదు."

అప్పుడు వాడు చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. కుడిచేతి వేలు నాలికతో తడిచేసుకుని కడ్డీకి ఆనించాడు. చుయ్యిమంది. వెనక్కి లాక్కున్నాడు. కాలిన వేలుని చూడలేదు, ముందు కడ్డీని పరీక్ష చేశాడు. వేడి సరిగ్గానే ఉందని తెలిశాక, నెమ్మదిగా ఎడమచెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని, అరచేతి వైపూ వెనకవైపూ తిప్పి చూసుకున్నాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి వంగి ఉన్నాయి. బొటనవేలి పక్కన కండ కరిగి గుంట పడింది. ఎన్నాళ్ళ నుంచి అలా ఉన్నాయో మా ఇద్దరికీ తెలియదు. రోజూ చూస్తున్న చెయ్యే.

ఆ మధ్యాహ్నమే విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికమంతురాలు. కళ్ళు మూసుకోమంది. పెన్ను మొన ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించమంది. కళ్ళు మూసుకుని కర్ర ఎక్కడ పావు మిల్లీమీటరు ఎక్కువుందో చెప్పగలిగిన మనిషి, కళ్ళు మూసుకుని ఊరికే కూర్చున్నాడు. ఆమె అరచేతి అంచున ఏడుసార్లు తాకించింది. "మొదలెట్టండి మేడమ్" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

తర్వాత వేళ్ళ మధ్య కాగితం ఇరికించి పట్టుకోమంది. కాగితం జారిపోయింది. మోచేతి లోపలివైపు వేలితో తడిమి, నన్ను కూడా తాకి చూడమంది. చర్మం కింద నరం లావుగా, గట్టిగా, బేస్ గిటార్ లావు తీగలా తగిలింది. "నరం లావెక్కింది" అందామె. లావెక్కిందన్న ఆ మాటకి దత్తు కళ్ళు తెరిచాడు.

జబ్బు పేరు చెప్పింది. లెప్రసీ. మా వైపు పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి. ఆమె మాత్రం మామూలుగా చెప్పింది. మాత్రలు ఉచితం, ఏడాది వాడితే జబ్బు పూర్తిగా పోతుంది, మందు మొదలుపెట్టాక ఎవరికీ అంటదు, ఇంట్లో అందరూ కలిసి తినొచ్చు. దత్తు అవేవీ వినలేదు.

"సెయ్యి వస్తాదా?" అన్నాడు.

"వేళ్ళు బలహీనపడి ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు... మూడు నెలలుంటాది."

ఆమె మొహం కొంచెం తేటపడింది. "ఆరు నెలల లోపైతే వేరే మాత్రలు కలిపి ఇస్తాం. నరం కోలుకునే అవకాశం బాగా ఉంటుంది. దాటిపోతే కష్టం. సరిగ్గా గుర్తు తెచ్చుకుని రేపు చెప్పండి" అంది.

బస్సెక్కాం. నాకు మాత్రం ఆశ పుట్టింది. మూడు నెలలే అయి ఉండాలని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అది అబద్ధమని నా కాలికి తెలుసు.

షాపుకి రాగానే దత్తు నల్ల గిటార్ బల్ల మీద పెట్టాడు. "ఇప్పు బావా" అన్నాడు. స్క్రూడ్రైవర్ కుడిచేత్తో తిప్పగలడు, ఎడమచేత్తో గిటార్ అదిమిపెట్టలేడు. నేనే నాలుగు స్క్రూలూ విప్పాను. నెక్ ఊడొచ్చింది. గాడిలో సన్నటి పెన్సిల్ రాత. "సదువు" అన్నాడు.

చదివాను. "14-2-22. చిటికెన వేలు అందట్లేదు. కారణం నెక్ లావు. అర మి.మీ. తీశాను. సరి."

"9-6-22. వేలు మళ్ళీ అందట్లేదు. కారణం నెక్ లావు. అర మి.మీ. సరి."

"20-11-22. ఉంగరం వేలు కూడా. కారణం తీగల బరువు. మార్చాను. సరి."

నేను ఆపబోయాను. వాడు సదువు, సదువు అంటూనే ఉన్నాడు. మొత్తం తొమ్మిది రాతలు. కారణం మెట్ల ఎత్తు. కారణం నెక్ లావు. కారణం వాతావరణం. ప్రతి దాని చివరా సరి, సరి. డాక్టర్ అడిగిన తేదీ మొదటి వరసలోనే ఉంది. ఇరవై ఆరు నెలలు. ఏ డాక్టరూ ఇంత శుభ్రంగా రాసిపెట్టడు. జబ్బు మొదలైన రోజు, రెండో వేలికి పాకిన రోజు, అన్నీ తేదీలతో సహా వాడే రాశాడు. కారణం దగ్గర మాత్రం తొమ్మిదిసార్లూ తప్పు రాశాడు.

"ఎవరికి తెలుస్తాది? మూడు నెలలే అని సెప్పేద్దాం రేపు" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

"ఆమెకి సెప్తే సరే బావా. నరానికి ఏటని సెప్తాం?"

కుడిచేత్తో నెక్ పక్కకి నెట్టి అన్నాడు. "నాన్న రెండు మాటలు సెప్పినాడు. ముందు వాయిద్యం సూడు, తరవాత సెయ్యి సూడు. నాకు వాయిద్యంలో ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేసేది. ఎతికితే దొరక్కుండా పోదు కదా. సెయ్యి దాకా నానెప్పుడూ రాలేదు."

మర్నాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అయినా ఆ డాక్టరమ్మ నరం మాత్రలు ఇచ్చి చూసింది. నెలలు గడిచాయి. మచ్చలో కాస్త రంగు తిరిగింది. వేళ్ళు తిరగలేదు. ఆపరేషన్ చేసి వేళ్ళు నిటారుగా చెయ్యొచ్చు, గ్లాసు పట్టుకోవచ్చు అంది. "తీగ నొక్కొచ్చా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

మాటెలా పొక్కిందో తెలియదు. వాడు చెక్కిన నెక్‌ల మీద వాయిస్తున్న కుర్రాళ్ళు షాపుకి రావడం మానేశారు. ఒకడు మా ఇంటికొచ్చి, అన్నా, ఆయన ముట్టుకున్న గిటార్ వాడొచ్చా అని అడిగాడు. చెంప పగలగొట్టబోయాను. ఆగిపోయాను. ఎందుకంటే జబ్బు పేరు విన్న మొదటి వారం, దత్తు ఇంట్లో టీ తాగి బయటికొచ్చి వీధి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నది నేనే. రెండుసార్లు కడుక్కున్నాను. వంటింటి కిటికీలోంచి యమున చూసింది. ఇంతవరకూ నన్నేమీ అనలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆర్కెస్ట్రావాళ్ళు కీబోర్డులో బేస్ నొక్కించుకుంటున్నారు. నేనూ మానేశాను. పక్కన ఆ చెయ్యి లేకుండా నా కాలు పడదు.

రెండు వేల ఇరవై ఐదు మేలో ఏడాది మందు పూర్తయింది. కార్డు మీద జబ్బు నయమైందని రాసిచ్చారు. యమున కార్డు దేవుడి దగ్గర పెట్టింది. దత్తు షెడ్డు తెరుస్తాడు, కుడిచేత్తో మైకు వైర్లు అతుకుతాడు. చిటికెన వేలికి గుడ్డ చుట్టుకుంటాడు, మళ్ళీ కాలకుండా. పోయిన కార్తీకంలో ఒకరోజు సాయంత్రం నల్ల గిటార్ సంచిలో పెట్టి మా ఇంటికి తెచ్చాడు.

"నీ గోడకి తగిలించు బావా. షాపులో ఉంటే సెయ్యి దాని మీదకే ఎళ్తన్నాది. ఎళ్ళి ఊరుకుంటాది" అన్నాడు.

టీ ఇచ్చాం. తాగి వెళ్ళిపోయాడు. మా వాకిట్లో కుళాయి వైపు చూడకుండా నేను గేటు దాకా వెళ్ళాను.

నెల తర్వాత గోడ మీది గిటార్ తుడుస్తుంటే నెక్ కొంచెం కదిలింది. ఒక స్క్రూ సరిగ్గా బిగించలేదు. ఒంటిచేత్తో బిగించి ఉంటాడు. అంటే మళ్ళీ విప్పాడన్నమాట. నాలుగూ విప్పి నెక్ తీశాను. తొమ్మిది రాతల కింద పదోది ఉంది, మిగతావాటి కంటే పెద్ద అక్షరాలతో. గిటార్ అదిమిపెట్టే చెయ్యి లేక రాత వంకర్లు పోయింది.

"2-11-25. వేలు అందట్లేదు. గిటార్ అంతా చూశాను. నెక్‌లో తప్పు లేదు. ఎప్పుడూ లేదు."

ఈసారి చివర సరి అని రాయలేదు.